చిల్లుల్లేని బొత్తాం

ఒక సంగతి ముందే చెప్పి ఉంచుతాను. ఈ వయసులో కూడా నా కళ్లకి జోడు అక్కర్లేదు. చిన్నప్పుడు మా బళ్లో పంతులుగారు నల్లబల్ల మీద రాసింది, బడి ఎగ్గొట్టి రెండు పొలాల అవతల జామచెట్టెక్కి కూర్చున్న నేను అక్కణ్ణించే చదివి గట్టిగా అప్పజెప్పేవాణ్ణి. పంతులుగారు హాజరు కూడా వేసేవారు. కాబట్టి ఈ ఇంట్లో నా కంట పడకుండా చీమ కూడా గడప దాటదు. ఇది గుర్తుంచుకుని తక్కింది చదవండి.

శుక్రవారం పొద్దున్న తొమ్మిదింటికి మా ఆవిడ భోజనాల బల్ల మధ్యలో ఒక తెల్ల బొత్తాం పెట్టింది. పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది.

నా చొక్కాకి ఊడిన బొత్తాం కుడదామని తమ్ముడి డబ్బాలో చెయ్యి పెట్టిందట. చిన్నగా, గుండ్రంగా ఉన్నదొకటి తీసి సూది గుచ్చబోతే చిల్లు దొరకలేదట. తిరగేసి చూసినా లేదు. ఇంకోటి తీస్తే దానికీ లేదు. ఏరగా ఏరగా అలాంటివి ఏడు తేలాయి.

"ఏమండీ, చిల్లుల్లేని బొత్తాలు ఎక్కడ తయారు చేస్తారు?" అని నన్ను అడిగింది. చూపు మాత్రం తమ్ముడి మీద ఉంది.

తమ్ముడంటే మా బావమరిది. నలభయ్యేళ్లు దర్జీ పని చేసినవాడు. గుండె బలం తగ్గి, ఒంట్లో నీరు చేరి, ఆస్పత్రిలో పన్నెండు రోజులుండి మా ఇంటికొచ్చాడు. వాడి గుండె వాడి కుట్టుమిషను లాంటిదని నేనే అన్నాను, తొక్కితే తిరుగుతుంది గానీ మునుపటి వేగం లేదు. వస్తూ వస్తూ మిషనూ, కత్తెరా, బొత్తాల డబ్బా తెచ్చుకున్నాడు. బట్టలు తెచ్చుకోవడం మర్చిపోయాడు.

బల్ల మీదున్నది బొత్తాం కాదని ఇప్పటికి మీకూ తెలిసిపోయి ఉంటుంది. ఒంట్లో చేరిన నీటిని బయటికి తోలడానికి రోజూ పొద్దున్న ఒకటి వేసుకోమని ఇచ్చిన మాత్ర అది. ఏడు మాత్రలంటే ఏడు రోజులు.

వాడు కాసేపు పైకప్పు చూశాడు. కాసేపు గోళ్లు చూసుకున్నాడు. తరవాత మెల్లిగా సంజాయిషీ మొదలుపెట్టాడు. మాత్ర వేసుకుంటే అరగంటకోసారి బాత్రూముకి పరిగెత్తాలట. కోటుకి చెయ్యి ఎక్కిస్తున్నప్పుడు మధ్యలో లేస్తే భుజం దగ్గర ముడత పడుతుందట. ముడత పడిన కోటు వేసుకుని తన కూతురు కోర్టులో నిలబడటం తను చూడలేడట.

ఆ కోటే వాడి ప్రాణం. వాడి కూతురు వకీలు చదువు పూర్తిచేసింది. సోమవారం పదకొండింటికి కొత్త వకీళ్లందరి చేతా కోర్టులో ప్రమాణం చేయిస్తారు. ఆ నల్లకోటు నేనే కుడతానని ఆ పిల్ల ఏడో తరగతిలో ఉండగా మాటిచ్చాడు. మాటిచ్చి, ఆ సాయంత్రమే కొలతలు కూడా తీసుకున్నాడు. అవి పనికిరావని ఎవరు చెప్పినా వినలేదు.

మా ఆవిడ అరుస్తుందని ఇద్దరం కాచుకుని కూర్చున్నాం. అరవలేదు. ఆవిడ అరిస్తే నాకు భయం లేదు, ఏళ్ల తరబడి అలవాటు. ఊరుకుందంటేనే ఇంట్లో గడియారం చప్పుడు కూడా పెద్దదవుతుంది. మాత్రలు ఏడూ పోగుచేసి తమ్ముడి అరచేతిలో పోసి, వాడి వేళ్లు మూసింది.

"కోటు కుట్టి ఎవరికి చూపిద్దామని?" అంది.

వాడు మూసిన పిడికిలినే చూస్తూ కూర్చున్నాడు.

మగవాళ్ల పరువు నేను కాపాడాలి కదా. లేచి, గోడకి వేలాడుతున్న పుస్తకం తెచ్చాను. నర్సమ్మ ఇచ్చిన పుస్తకం అది. రోజూ పొద్దున్నే ఏమీ తినకముందు వాణ్ణి తూకం మిషను మీద నిలబెట్టి, ఎంతుంటే అంత అందులో రాయాలి. ఒంట్లో నీరు చేరుతోందని కాళ్లకంటే ముందు తూకమే చెబుతుందట. రెండు రోజుల్లో రెండు కేజీలు పెరిగితే వెంటనే ఫోను చెయ్యమని గట్టిగా చెప్పి వెళ్లింది. రాసే పని నాది. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని మా ఆవిడ కూడా ఒప్పుకుంటుంది.

"చూడు, శనివారం అరవై ఆరు. ఆదివారం అరవై ఆరు. ఇవాళ కూడా అరవై ఆరే. ఆస్పత్రి నుంచి వచ్చిననాటి బరువు గ్రాము కదల్లేదు. మాత్ర లేకపోతేనేం, మనిషి నిక్షేపంగా ఉన్నాడు," అన్నాను.

మా ఆవిడ మొహంలో కోపం ఒక మెట్టు దిగింది. బావమరిది మొహంలోకి మాత్రం సంతోషం రాలేదు. పుస్తకం వైపు చూడకుండా కిటికీ వైపు తిరిగాడు. అప్పుడే బయట స్కూటరు ఆగింది.

నర్సమ్మ ప్రతి శుక్రవారం పదింటికొస్తుంది. గుండెజబ్బు మనుషుల ఇళ్లకి వెళ్లి చూసుకోవడమే ఆమె పని. రాగానే మోచేతుల దాకా చేతులు కడుక్కుంటుంది. తరవాత ఎలా ఉన్నారని రోగిని అడగదు. ఇల్లంతా ఒకసారి చూస్తుంది. మనుషులు చెప్పేదాని కంటే సామాన్లు చెప్పేది ఎక్కువ నమ్ముతుందని నా అనుమానం.

ఆవేళ నేరుగా వాడి గదిలోకి వెళ్లి మంచం చూసింది.

"అన్నా, కిందటివారం ఒక తలగడే ఉంది. ఇప్పుడు మూడున్నాయి," అంది.

వాటిలో ఒకదాని మూలన నూనె మరక ఉంది. అది నా తలగడ. నాలుగు రోజులుగా నేను తువ్వాలు మడిచి తలకింద పెట్టుకుంటున్నాను. తలగడ ఉతకడానికేసి మర్చిపోయావని రోజూ మా ఆవిడతో పోట్లాడుతున్నాను. ఉతకడానికి వెయ్యలేదు మొర్రో అని ఆవిడ రోజూ చెబుతూనే ఉంది. చీమ సంగతి ఇందాక చెప్పాను కదా, తలగడ సంగతి చెప్పలేదు.

వెల్లకిలా పడుకుంటే ఆయాసం వస్తోందా అని ఆమె అడిగింది. అబ్బే, ఎత్తుగా పడుకుంటే కోటు గురించి ఆలోచనలు బాగా వస్తాయని వాడన్నాడు.

ఆమె నవ్వలేదు, కసురుకోలేదు. వాణ్ణి కూర్చోబెట్టి, మోకాలి కింద బొటనవేలితో నొక్కి పట్టి, మనసులో అయిదు లెక్కపెట్టి తీసింది. వేలు తీసినా గుంట అలాగే ఉండిపోయింది. మెత్తటి పిండిలో వేలు దిగబడినట్టు. మా ఆవిడ చూసి చీరకొంగు నోటికడ్డం పెట్టుకుంది.

తరవాత నర్సమ్మ వాడి పైజమా నడుంపట్టీ చివర పట్టుకుని లోపలివైపు తిప్పింది. అక్కడ సన్నటి సూది చిల్లులు వరసగా, ఒకదాని పక్కనొకటి మూడు వరసలున్నాయి. కుట్టు విప్పి మళ్లీ కుట్టిన గుర్తులు.

"ఎన్నిసార్లు వదులు చేశారన్నా?"

"మూడుసార్లు. అరంగుళం చొప్పున." వాడికి అబద్ధమాడ్డం వచ్చు గానీ కొలత విషయంలో రాదు. "బిగుతుగా ఉన్న బట్ట ఒంటి మీద ఉంచుకోలేనమ్మా. నలభయ్యేళ్ల అలవాటు."

మామూలు మనిషైతే నడుం బిగిసిందని గోలపెట్టి దొరికిపోయేవాడు. వీడు దర్జీ కాబట్టి గుట్టుగా వదులు చేసుకున్నాడు. దర్జీ కాబట్టే అంత తీరుగా గుర్తులు వదిలిపెట్టాడు.

తూకం మిషను తెచ్చి నిలబెట్టింది. వంగి చూసింది. అరవై తొమ్మిదిన్నర.

నేను పుస్తకం వీపు వెనక్కి జరిపాను. ఆమె చెయ్యి చాపింది. ఇచ్చాను. ఏడు రోజుల ఏడు అరవై ఆర్లూ తీరిగ్గా చదివింది. పేజీ తిప్పి, నా మొహానికి మూరెడు దూరంలో పట్టుకుంది.

"పెద్దాయనా, ఈ పేజీలో ఎంతుందో ఒకసారి చదవండి."

"అరవై ఆరు," అన్నాను, ఠీవిగా.

అది ఖాళీ పేజీ.

ఇక చెప్పక తప్పదు. జామచెట్టు మాట నిజమే కావచ్చు గానీ, అప్పటి కళ్లు ఇప్పుడు లేవు. మూడేళ్లుగా దగ్గరున్న అంకెలు నాకు పొగలో ఉన్నట్టు కనిపిస్తాయి. మిషను ముల్లు ఎక్కడుందో దేవుడికే తెలియాలి. వాడు మిషను మీద నిలబడి 'అరవై ఆరు బావా' అనేవాడు. నేను వంగి, కళ్లు చికిలించి, తల పంకించి, 'సరిగ్గా చెప్పావు' అని రాసేవాణ్ణి. చూపు ఆనడం లేదని చెప్పుకోవడం నామోషీ అనిపించింది. అంతే సంగతి.

వినడానికి నవ్వొస్తుంది. నాకూ సగం దాకా వచ్చింది. కానీ అరవై ఆరుకీ అరవై తొమ్మిదిన్నరకీ మధ్యనున్న మూడున్నర కేజీల నీళ్లూ వాడి ఊపిరి మీద కూర్చున్నాయి. అందుకు వాడికి తలగడలు కావలసొచ్చాయి. ఆ నీళ్లకి గుండ్రటి చేతిరాతతో కాపలా కాసింది నేను. నవ్వు అక్కడే ఆగిపోయింది.

"దొందూ దొందే," అని మా ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ రోజుకి అదే ఆవిడ నాతో అన్న చివరి మాట. మర్నాడు సాయంత్రం దాకా కూడా.

నర్సమ్మ కుర్చీ లాక్కుని బావమరిది ఎదురుగా కూర్చుంది. వేలికి ఒక చిన్న పెట్టె తగిలించి రక్తంలో ప్రాణవాయువు చూసింది. తొంభై అయిదు. వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు వింది. ఊపిరితిత్తుల కింది భాగంలో కొంచెం చిటపట ఉందంది. ఆస్పత్రికి పంపిస్తుందని మా ఇద్దరికీ అర్థమైపోయింది. వాడు చేతిలోని మాత్రలు ఇంకా వదల్లేదు.

"అన్నా, తడిసిన గుడ్డని కొలిచి కత్తిరిస్తారా?" అంది.

"ఎలా కత్తిరిస్తానమ్మా? ఆరాక కొలత మారిపోతుంది."

"మీ ఒళ్లు ఇప్పుడు తడిసిన గుడ్డ. దాంతో ఏ పని చేసినా కొలత తప్పుతుంది. ముందు ఆరాలి. మాత్ర మానేసి కోటు కుడితే, కోటు పూర్తవుతుంది, మీరు వార్డులో ఉంటారు."

అంతకుముందు మా ఆవిడ అడిగిందీ ఇంచుమించు అదే, వాడికి ఎక్కలేదు. తడిగుడ్డ అనగానే ఎక్కింది. తల దించుకుని, సోమవారం ఒక్కరోజు, రెండే గంటలు అని బతిమాలాడు. బట్ట ఇవాళ కావాలని వచ్చే మనుషుల్ని నలభయ్యేళ్లు 'రేపు రండి, ఎల్లుండి రండి' అని తిప్పినవాడు, ఇప్పుడు తనే గుమ్మంలో నిలబడ్డ బేరంలా ఉన్నాడు.

ఆమె వరండాలోకి వెళ్లి డాక్టరుగారికి ఫోను చేసింది. తిరిగొచ్చి షరతులు చెప్పింది. ఇప్పుడొక ఇంజెక్షను. రేపటినుంచి మాత్ర తన ఎదుటే మింగాలి, శనాదివారాలు కూడా తనొస్తుంది. రోజుకి లీటరున్నర మించి నీళ్లు తాగకూడదు, ఉప్పు జోలికి పోకూడదు. పడుకుంటే ఊపిరాడకపోయినా, గుండె దడ వచ్చినా, కోటూ గీటూ లేదు, నేరుగా ఆస్పత్రే. సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి తూకం. అరవై ఏడు ఉంటే కోర్టు. దాటితే వార్డు.

"అరవై ఏడున్నరైతే?" అని నేనడిగాను, ఎందుకైనా మంచిదని.

"అరవై ఏడంటే అరవై ఏడే," అంది.

ఇంజెక్షను పడ్డ ఇరవై నిమిషాలకి వాడి పరుగులు మొదలయ్యాయి. పడగ్గది నుంచి బాత్రూముకి పదిహేడు అడుగులు. కుట్టుమిషను ఉన్న గది నుంచి ఇరవై మూడు. కాబట్టి మధ్యాహ్నానికి నేనూ, పక్కింటి పెయింటరూ కలిసి మిషనుని మోసుకెళ్లి బాత్రూము తలుపు పక్కనే పెట్టాం. అక్కడ కూర్చుని నాలుగు కుట్లు వేయడం, లేవడం, మళ్లీ వచ్చి కూర్చోవడం. లోపల ఉండగా కూడా తలుపు సందులోంచి 'బావా, ఆ గుడ్డ మీద చెయ్యి వెయ్యకు' అని ఆజ్ఞలు వచ్చేవి.

శనివారం మధ్యాహ్నం కూతురొచ్చింది. అత్త ఫోనులో అన్నీ చెప్పేసిందని అడుగుల చప్పుడులోనే తెలిసింది. సంచీ కూడా దింపకుండా తండ్రి ముందు నిలబడింది.

"నాకు నీ కోటు వద్దు నాన్నా. రేపు బజార్లో రెడీమేడ్‌ది కొనుక్కుంటాను."

ఆ మాటకి వాడు చూసిన చూపు నేను మర్చిపోను. గుండెజబ్బని డాక్టరు చెప్పినప్పుడు కూడా వాడి మొహం అంత పాలిపోలేదు.

"రెడీమేడా? అందులో భుజాలు ఎవరివో తెలుసా నీకు? ఎవరివీ కావు," అన్నాడు.

వాదన ముదిరింది. పిల్ల వకీలు కదా, ఒకటొకటిగా అంశాలు పేర్చుకుంటూ వచ్చింది. మాత్రలు దాచడం మొదటిది, తూకం తప్పు చెప్పడం రెండోది, పెద్దమనిషిని కూడా అందులోకి లాగడం మూడోది. పెద్దమనిషంటే నేనే. లాగలేదమ్మా, నేనే నడిచి వెళ్లానని ఒప్పుకున్నాను. ఆమె నాలుగోది అందుకోబోతుండగా వాడు వేలు చూపించి, లేచి బాత్రూములోకి వెళ్లాడు.

అలా మూడుసార్లు. ఎప్పుడు ఆమె అసలు మాటకొచ్చినా, సరిగ్గా అప్పుడే ప్రతివాది లేచి వెళ్లిపోతాడు. తలుపు బయట ఆమె కోపాన్ని చల్లారనివ్వకుండా పట్టుకుని నిలబడాలి. ఎంతసేపని నిలబడుతుంది? నాలుగోసారి తలుపు మూసుకోగానే గోడకానుకుని నవ్వడం మొదలుపెట్టింది. వంటింట్లో మా ఆవిడ నవ్వు కూడా వినిపించింది, నేను వింటున్నానని తెలిసి వెంటనే ఆగిపోయింది.

వాడు బయటికొచ్చేసరికి పిల్ల కళ్లు తుడుచుకుంటోంది.

"నేను మొట్టమొదట లేచి నిలబడి మాట్లాడేటప్పుడు ఎదురుగా నువ్వుండాలి నాన్నా. జడ్జిగారు ఎటు చూసినా ఫర్వాలేదు," అంది.

"ఉంటాను. ఒక్క చెయ్యే మిగిలింది."

"నీళ్లు కూడా మిగిలాయి, మూడు కేజీలు."

ఆమె నేల మీద చతికిలబడి, కోటు లోపలి లైనింగు అంచు తనే కుట్టడం మొదలుపెట్టింది. వాడు పైనుంచి చూస్తూ, ప్రతి కుట్టుకీ పంటి నొప్పి వచ్చినవాడిలా మొహం పెట్టాడు గానీ ఒక్క మాటా అనలేదు. ఆదివారం మధ్యాహ్నం ఆమె కునుకు తీయగానే మొత్తం విప్పి మళ్లీ కుట్టాడు. లేచి చూసుకుని, నా చెయ్యి ఇంత కుదిరిందా అని ఆమె మురిసిపోయింది. ఆ సంగతి నాకూ వాడికీ మధ్యే ఉండిపోవాలి.

శనివారం సాయంత్రమే ఆమె నా చెవి పట్టుకుని కళ్లజోళ్ల కొట్టుకి తీసుకెళ్లిందని చెప్పడం మర్చిపోయాను. 'మావయ్యా, సాక్షికి చూపు లేకపోతే కేసు నిలవదు' అంది. కొట్టతను నా ముక్కు మీద పది అద్దాలు మార్చి, చివరికి నల్లఫ్రేముది ఒకటి తగిలించాడు. ఇంటికొచ్చి మొదట మా ఆవిణ్ణి చూశాను. కుడికంటి కింద ఒక చిన్న పుట్టుమచ్చ ఉందన్న సంగతే మర్చిపోయానని గుర్తొచ్చింది. అలా చూస్తూ నిలబడ్డాను. ముందురోజు నుంచి నాతో మాట్లాడని మనిషి, ఇక ఉండబట్టలేక, "ఏమిటా చూపు?" అంది. మాటలు కలిశాయి. కళ్లజోడుకి అదే మొదటి ఫలితం.

నర్సమ్మ అన్నమాట ప్రకారం రెండు రోజులూ వచ్చింది. మాత్ర వాడి నాలుక మీద పెట్టి, మింగాక నోరు తెరవమని, నాలుక కూడా ఎత్తించి చూసేది. నీళ్ల జగ్గు మీద వాడి దర్జీసుద్దతోనే గీతలు గీసి, ఇది ఇలా కూడా పనికొస్తుందంది. శనివారం అరవై ఎనిమిదీ ముప్పావు. ఆదివారం అరవై ఎనిమిది. తలగడలు రెండయ్యాయి. ఆదివారం సాయంత్రం నా తలగడ నా మంచం మీదికి తిరిగొచ్చింది. పైజమా జారిపోతోందని వాడు అరంగుళం లోపలికి కుట్టేశాడు. ఈసారి అందరికీ చూపించి మరీ కుట్టాడు.

సోమవారం ఎనిమిదింటికి హాల్లో అందరం ఉన్నాం. కోటు తలుపుకి తగిలించి ఉంది. భుజం దగ్గర ముడత లేదు, నేను కళ్లజోడుతో చూసి చెబుతున్నాను. కూతురు తెల్లచొక్కా వేసుకుని తయారుగా ఉంది. మా ఆవిడ రెండు సంచులు సర్దింది. ఒకటి కోర్టుకి, ఒకటి ఆస్పత్రికి. రెండూ గుమ్మం పక్కనే పెట్టింది.

వాడు మిషను ఎక్కాడు. నర్సమ్మ తను చూడకుండా నావైపు తిరిగింది.

"మీరే చదవండి పెద్దాయనా. రాసేది మీరు కదా."

వంగాను. జీవితంలో మొదటిసారి ఆ ముల్లు అంత ఖచ్చితంగా కనిపించింది. అరవై ఏడున్నర.

మా ఆవిడ చెయ్యి ఆస్పత్రి సంచీ మీదికి వెళ్లింది. అప్పుడు నర్సమ్మ వాడి పైజమా జేబు వైపు చూసింది. ఒక పక్కకి వేలాడుతోంది. చెయ్యి పెట్టి తీస్తే, దర్జీల పెద్ద ఇనుప కత్తెర. నలభయ్యేళ్లుగా పొద్దున్న లేవగానే జేబులో వేసుకునే అలవాటు. అరకేజీ బరువు. కత్తెర ఆమె చేతికి రాగానే ముల్లు బుద్ధిగా అరవై ఏడు మీదికి వచ్చి నిలబడింది. మేమంతా ఒక్కసారి నవ్వాం. అందరం కోర్టుకి బయల్దేరాం.

ఎంత బాగుందో చూశారా. అందుకే అక్కడ పెట్టాను.

జేబులో కత్తెర లేదు. అది నా కల్పన. జామచెట్టు సంగతి మీ ఇష్టం, నమ్మితే నమ్మండి. మాత్రల బొత్తాలూ, నా తలగడా, ఖాళీ పేజీ, అన్నీ జరిగినవే. కత్తెర ఒక్కటే నేను పెట్టింది. ఆ ఉదయం వాడి జేబులో ఏదైనా బరువైనది ఉంటే బాగుండునని ఎంతగా అనుకున్నానంటే, ఇన్నాళ్లకి ఉన్నట్టే అయిపోయింది.

జరిగింది ఇది. నేను వంగి ఉన్నాను. వాడు పైనుంచి నన్ను చూశాడు.

"ఎంత, బావా?" అన్నాడు.

ఆ అడగడంలో ఏముందో నాకు తెలుసు. ఏడు రోజులు వాడు చెప్పింది నేను రాశాను. ఇప్పుడు నేను చెప్పింది వాడు వినాలి. ఒక్క అరకేజీ. ఊళ్లో నా పేరే కోతలరాయుడు. అంత చిన్న అబద్ధం నాకో లెక్క కాదు.

"అరవై ఏడున్నర," అన్నాను.

వాడు మెల్లిగా తలూపి దిగాడు. నా భుజం మీద చెయ్యి వేసి దిగాడు. ఆ చెయ్యి కాసేపు అక్కడే ఉంచాడు.

నర్సమ్మ పుస్తకంలో నాచేత రాయించింది. కింద కూర్చుని వాడి కాలు నొక్కి చూసింది. గుంట పడింది, కానీ అయిదు లెక్కపెట్టేలోపే పూడింది. వీపు మీద గొట్టం పెట్టి వింది, చిటపట ఉందనలేదు. వేలికి పెట్టె తగిలించింది, తొంభై ఏడు. గదిలోకి వెళ్లి తలగడలు లెక్కపెట్టొచ్చింది, ఒకటి. ఫోను తీసి వరండాలోకి వెళ్లింది. డాక్టరుగారి మాటలు మాకు వినపడలేదు, ఆమెవే వినపడ్డాయి. "అరకేజీ ఎక్కువుంది సార్... లేదు, ఆయాసం లేదు... నేను పక్కనే ఉంటాను... కుర్చీలోనే, రెండు గంటలే... సరే, అది అడిగి చెబుతాను."

ఫోను చెవి నుంచి తియ్యకుండానే గుమ్మంలోకి వచ్చి, కోటు తొడుక్కుంటున్న పిల్లని అడిగింది.

"ప్రమాణం చేయించే హాలు కిందే ఉందా, మెట్లెక్కాలా?"

పిల్ల చెయ్యి కోటులో సగంలో ఆగిపోయింది. చూపు గుమ్మం పక్కనున్న ఆస్పత్రి సంచీ మీద పడింది. నాకు ఇప్పుడు కళ్లజోడుంది, ఆమె మొహంలో ఆ మెట్లు చాలా స్పష్టంగా కనిపించాయి.